రెండున్నర అంగుళాల చక్రం

మూత తీస్తే వాసన రాలేదు.

పులిసిన పిండి కంటికి కనిపించేలోపే ముక్కుకి తెలుస్తుంది. పద్మ ఇంకొంచెం వంగి చూసింది. నిన్న సాయంత్రం మూత పెట్టేముందు టబ్బు లోపలి గోడకి వేలితో ఒక గీత గీసింది. పిండి ఆ గీత దగ్గరే ఉంది, వెంట్రుకవాసి కూడా పైకి రాలేదు. గరిటె దించితే సిమెంటులో దిగినట్టు బరువుగా దిగింది. పైన పల్చగా నీళ్లు తేరాయి. ఒక్క బుడగ లేదు.

రెండో టబ్బు తీసింది. మూడోది తీసింది. అన్నీ అలాగే ఉన్నాయి.

"ఏమైందక్కా, ఇయ్యాల గూడ పండుకునే ఉన్నదా?" వెనకనుంచి అంజయ్య అడిగాడు. పిండి డబ్బాలు వ్యాన్‌లో వేసుకుని టెక్సాస్ ఇర్వింగ్‌లోని అపార్ట్‌మెంట్లకీ హోటళ్లకీ చేరవేసేది అతనే.

"లేవలేదు అంజయ్యా."

"అమెరికా పిండి గదా. దానికి రోజూ వీకెండే."

పద్మ నవ్వలేదు. గరిటె సింకులో పెట్టి, చేతికంటిన పిండిని రెండో చేత్తో తుడుచుకుంటూ నిలబడింది. ఐస్ నీళ్లు పోసింది. మెంతులు పెంచింది. పప్పు మార్చి చూసింది. రెండు వారాలుగా చేయగలిగినవన్నీ చేసింది.

ముందు కిరాణా షాపు, వెనక ఈ పిండి గది. ఓనర్లు జగన్మోహన్, శశికళ. మొన్నటిదాకా శశికళే ఇంట్లో చిన్న గ్రైండర్‌లో రుబ్బి, తన చేత్తోనే కలిపి తెచ్చేది. 'శశికళ గారి పిండి' అంటే లాస్ కోలినాస్ ఆఫీసుల నుంచి కూడా వచ్చి కొనుక్కెళ్లేవాళ్లు. అది చాలక కోయంబత్తూరు నుంచి ఓడలో పెద్ద గ్రైండర్ తెప్పించారు. గ్రైండర్ దిగిన వారంలోనే పద్మ పనిలో చేరింది. రెండూ ఒకే వారంలో వచ్చాయి.

శశికళ వచ్చి మూడు టబ్బులూ చూసింది. ఫోన్ తీసి, "అక్షయ్, లంచ్‌లో ఒకసారి రా. మెషిన్ చూడాలి" అంది.

అక్షయ్ శశికళ తమ్ముడు. ఇండియాలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, లాస్ కోలినాస్‌లో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. మెడలో బ్యాడ్జి తీయకుండానే వచ్చాడు. గ్రైండర్ పక్కన మోకాళ్లమీద కూర్చుని, ఫోన్ లైటు వేసి, మోటారుకి అతికించిన రేకుమీది అక్షరాలు చదివాడు. గోడ దగ్గరున్న బరువైన ఇనప డబ్బా వైపు చూశాడు. ఇక్కడి వోల్టేజీని మన ఊరి వోల్టేజీగా పెంచే డబ్బా అది.

"వోల్టేజ్ కరెక్ట్‌గా వస్తోంది బావా. స్పీడ్ చూద్దాం. మార్కర్ ఉందా?"

జగన్మోహన్ మార్కర్ ఇచ్చాడు. అక్షయ్ ఖాళీ టబ్బు మూత తీసుకుని దానిమీద రాస్తూ చెప్పాడు. "ఫార్ములాలో నూట ఇరవైని కరెంటు ఫ్రీక్వెన్సీతో మల్టిప్లై చేయాలి. నూట ఇరవై ఇంటూ యాభై, ఆరువేలు. దీంట్లో నాలుగు పోల్స్, అంటే అయస్కాంత ధ్రువాలు ఉన్నాయి. నాలుగుతో డివైడ్ చేస్తే పదిహేను వందలు. నిమిషానికి అన్ని చుట్లు. లోడ్ పడితే కొంచెం తగ్గుతుంది, దాన్ని స్లిప్ అంటారు. ఇక్కడ రేకుమీద చూడు, పద్నాలుగు వందల నలభై. టాలీ అయింది."

"అయితే మెషిన్ తప్పేం లేదంటావ్," అంది శశికళ.

"చాన్సే లేదక్కా. ఇండక్షన్ మోటారు ఆ పదిహేను వందలు దాటి తిరగలేదు. ఇది ఫిజిక్స్."

"మరి బియ్యం అవే, పప్పు అదే, నీళ్లు అవే," అన్నాడు జగన్మోహన్.

మూతమీది అంకెల నుంచి ముగ్గురి చూపులూ ఒక్కొక్కటిగా లేచాయి. పద్మ తన చేతులవైపు చూసుకుంది, వాళ్లు చూస్తున్నది వాటినే కాబట్టి. మణికట్టు దాకా పిండి ఎండి తెల్లగా పగిలి ఉంది.

అక్షయ్ వెళ్లిపోయాక శశికళ ఆమెను ఫ్రీజర్ల పక్కకి పిలిచింది.

"పద్మాంటీ, మీరేమీ అనుకోకండి. మా అత్తగారు ఫోన్‌లో అడిగారు, పిండి ఎవరు కలుపుతున్నారూ అని. చెప్పాను." శశికళ ఫ్రీజర్ తలుపుమీద పేరుకున్న మంచుని గోరుతో గీకుతోంది. "అంకుల్ పోయి ఇంకా ఏడాది తిరగలేదు కదా..."

పద్మకి ముందు అర్థం కాలేదు. పిండి గురించి మాట్లాడుతుంటే పోయిన తన భర్త ఊసెందుకు వచ్చిందా అనుకుంది. అర్థమయ్యాక ఫ్రీజర్ అంచు పట్టుకుంది. చల్లదనం వేళ్లలోంచి మోచేతిదాకా పాకింది.

"మేం నమ్ముతామా అంటే నమ్మం ఆంటీ. కానీ పిండి పులవడం అంటే చేతిలో ఉంటుంది అంటారు కదా. కొన్నాళ్లు మీరు ప్యాకింగ్ చూడండి. కరివేపాకు, పొడులు. అవర్స్ ఏమీ తగ్గించను. ఈ రెండ్రోజులూ పిండి ఆపేసి, ఆదివారం నుంచి నేనే కలుపుతాను."

"సరేనమ్మా," అంది పద్మ. అన్నాక ఆశ్చర్యపోయింది. తన నోట్లోంచి వచ్చింది ఆ ఒక్క మాటేనా?

ఈ దేశంలో ఆయన్ని సాగనంపడానికి ఫ్యూనరల్ హోమ్‌లో గంట సమయమిచ్చారు. ఆ తర్వాత ఒక తలుపులోంచి పంపించి, ఇంకో తలుపులోంచి వేరేవాళ్లని పిలిచారు. ఇక్కడ ఏడాది లెక్క ఎవరూ పెట్టరనుకుంది. పెట్టుకుంటూనే ఉన్నారు. తనకొక్కదానికే తెలియలేదు.

సాయంత్రం ఇంట్లో మనవరాలు నైనిక డైనింగ్ టేబుల్ దగ్గర కాళ్లూపుతూ కూర్చుంది. లోపలి గదిలో కూతురు అనుష్క మీటింగ్‌లో ఉంది. పద్మ పప్పన్నంలో నెయ్యి వేసి, స్పూనుతో కలిపి, స్పూను పిల్ల నోటి దగ్గర పెట్టింది.

నైనిక నోరు తెరవలేదు. "అమ్మమ్మా, వై స్పూన్? హ్యాండ్‌తో పెట్టు."

"ఇవాళ దీంతో తినమ్మా."

"నీ హ్యాండ్‌కి బూ-బూ అయిందా?"

"లేదు."

పిల్ల ఆమె చేతిని పట్టుకుని, తిప్పి, వేళ్ల సందుల్లో వెతికింది. ఏమీ దొరకలేదు. పద్మ చెయ్యి వెనక్కి తీసుకుని సింకు దగ్గరికి వెళ్లి కడుక్కుంది. ఆ పూట అలా చాలాసార్లు కడుక్కుంది.

*

శనివారం మధ్యాహ్నం అక్షయ్ మళ్లీ వచ్చాడు. రేపటి నుంచి రుబ్బడం మొదలవుతుంది, బెల్టు కీచుమంటోంది, చూడమని బావ పంపాడు. పద్మ మూల బల్ల దగ్గర కరివేపాకు రెమ్మలు చిన్న కవర్లలో పెడుతోంది. చేతులకి నీలం గ్లౌజులు ఉన్నాయి. వేసుకోమని ఎవరూ చెప్పలేదు.

అతను నానిన బియ్యం కొంచెం పోసి గ్రైండర్ ఆన్ చేశాడు. డ్రమ్ము తిరిగింది. రాళ్లు డ్రమ్ముకేసి గరగరలాడాయి. మోటారు సన్నగా, పై స్థాయిలో కూసింది. కొంతసేపు విన్నాడు. బెల్టు బిగించాడు. కూత తగ్గలేదు.

"బాబూ," అంది పద్మ బల్ల దగ్గరనుంచే. "దాంట్లో ఒకసారి వేలు పెట్టి చూడు."

"ఎందుకాంటీ?"

"ఊరికే."

మోటారు ఆపి వేలు పెట్టాడు. తీసి, రెండో వేలు పెట్టాడు. తలంటు నీళ్లంత వేడిగా ఉంది పిండి.

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"ఐస్ వేసినా ఇంతే. నేను చెప్పాను. రాయి కొత్తది కదా, అరుగుతుందిలే అన్నారు మీ బావగారు."

అక్షయ్ గ్రైండర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. "లోడ్ ఎక్కువై స్లో అవుతోందేమో. అందుకే వేడి," అని తనకి తానే చెప్పుకున్నాడు. బల్లమీద ధరలు అంటించే తెల్ల టేపు తీసుకుని, మోటారు చక్రంమీద చిన్న ముక్క అంటించాడు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టాడు.

"ఆంటీ, కొంచెం లైట్ పట్టుకుంటారా?"

ఆమె వచ్చి పట్టుకుంది. గ్లౌజు వేళ్లమధ్య ఫ్లాష్ లైటు జారుతుంటే రెండు చేతులతో పట్టుకుంది. అతను వీడియో తీసి, మోటారు ఆపి, బొటనవేలితో ఒక్కొక్క బొమ్మనే ముందుకి జరుపుతూ పెదాలతో లెక్కపెట్టాడు. తల ఊపి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మళ్లీ వీడియో తీశాడు.

"తెల్ల ముక్క పది ఫ్రేములకొకసారి తిరిగి రావాలి," అన్నాడు. "స్లో అయితే పదకొండు, పన్నెండు. ఇది ఎనిమిదికే వచ్చేస్తోంది."

"అంటే?"

"అంటే పదిహేడు వందలు దాటి తిరుగుతోంది." మళ్లీ ఫోన్‌వైపు చూశాడు. "కుదరదాంటీ. పదిహేను వందలు దాటడం కుదరదు. ఎవరో వెనకనుంచి తోస్తే తప్ప దాటదు. అసలు..."

దెయ్యాన్ని చూసినవాడిలా ఆగిన మోటారు వైపు చూశాడు. ఫోన్ పాడైందేమోనని గోడమీద తిరుగుతున్న ఫ్యాన్‌ని కూడా వీడియో తీసి చూశాడు. ఆ తర్వాత పద్మ వెనకున్న పెద్ద ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, తలుపు తీసి, లోపలి గోడకి అతికించిన స్టిక్కరు ముందు వంగాడు. అక్కడ ఏముందో పద్మకి కనిపించలేదు. అతని మెడ వెనక భాగం ఎర్రబడటం మాత్రం కనిపించింది. చల్లగాలి బయటికి పోతూనే ఉంది. అతను లేవలేదు.

"ఏమైంది బాబూ?"

"ఏం లేదాంటీ."

కారు తీసుకుని వెళ్లి హార్డ్‌వేర్ షాపు నుంచి ఒక చిన్న ఇనప చక్రం తెచ్చాడు. మోటారుకున్న మూడంగుళాల చక్రం ఊడదీసి, ఈ రెండున్నర అంగుళాలది బిగించాడు. గ్రైండర్ ఆన్ చేస్తే డ్రమ్ము నిదానంగా తిరిగింది, రాళ్ల గరగర మెత్తబడింది. ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నట్టు ఉంది. పాత చక్రాన్ని గుడ్డలో చుట్టి అలమర అడుగున పెట్టాడు.

జగన్మోహన్ తొంగి చూశాడు. "అయిందా ఇంజినీరుగారూ?"

"బెల్ట్ సెట్ చేశా బావా. ఓకే ఇప్పుడు."

పద్మ లైటు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. అక్షయ్ ఆమె వైపు చూడకుండా ఆ లైటు అందుకుని, ఆర్పి, వెళ్లిపోయాడు.

*

సోమవారం పొద్దున గదిలోకి అడుగుపెట్టగానే పద్మకి వాసన వచ్చింది. పుల్లగా, తీయగా, గది నిండా ఉంది.

శశికళ అప్పటికే మూతలు తీసేసింది. పిండి టబ్బు అంచులు దాటి, మూతకి అంటుకుని, నేలమీదికి జారింది. గరిటె పెడితే నురగలా విచ్చుకుంది. శశికళ చప్పట్లు కొట్టింది. ఫొటో తీసి కస్టమర్ల గ్రూపులో పెట్టింది. "చూశారా! చెయ్యి మారింది, అంతే!" అని జగన్మోహన్ భుజంమీద ఒకటి చరిచింది. ఆ సంతోషంలో పద్మ అక్కడుందన్న సంగతే మర్చిపోయింది. గుర్తొచ్చాక, "అంటే... మీరని కాదాంటీ," అంది.

గ్రూపులో జవాబులు టింగు టింగుమని వస్తున్నాయి. శశికళ పైకి చదువుతోంది. "'అక్కా, మీ చెయ్యే చెయ్యి.' 'వెల్కమ్ బ్యాక్ శశికళ గారి పిండి.' అయ్యో, చూడండి ఎలా రాస్తున్నారో!"

అంజయ్య డబ్బాలు మోస్తూ పద్మ పక్కన ఆగాడు. ఏదో జోకు వేయబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

పద్మ కరివేపాకు బల్ల దగ్గర కూర్చుంది. ఒక్క రెమ్మ కూడా తీయలేదు. ఇన్నాళ్లూ ఏదో ఒక మూల, కాదులే, నా చేతిదేం కాదులే అనుకుంటూనే ఉంది. ఇప్పుడు రుజువు నేలమీదికి పొంగి కారుతోంది. అంటే నిజమే. తాను ముట్టుకున్నది చచ్చిపోతుంది. ఆయనకి ఆస్పత్రిలో ఆఖరి స్పూను మజ్జిగ కూడా ఈ చేత్తోనే పట్టింది.

ఆ తలపు వచ్చిన చోటే ఆమె నిలదొక్కుకుంది. మజ్జిగ పట్టిన ఈ చేతే శనివారం అక్షయ్‌కి లైటు పట్టింది, ఆ తర్వాతే ఫ్రిజ్ ముందు అతని మెడ ఎర్రబడింది. బెల్టు సెట్ చేశానన్నాడు. బెల్టు కాదు, చక్రం మార్చాడు. తానే కదా లైటు పట్టుకుంది.

మధ్యాహ్నం అక్షయ్ వచ్చాడు. బావ అతని చేతిలో వేడి దోశ పెట్టాడు, శశికళ గ్రూపులో జవాబులు మళ్లీ చదివి వినిపించింది. అతను సగం తిని, కారు దగ్గరికి నడిచాడు. పద్మ వెనకే పార్కింగ్ లాట్‌లోకి వెళ్లింది. టెక్సాస్ ఎండ తారు మీదనుంచి లేచి మొహానికి కొడుతోంది.

"బాబూ, ఆ ఫ్రిజ్‌లో ఏం చదివావు?"

అతను కారు తాళంతో ఆడుకున్నాడు. "అరవై," అన్నాడు చివరికి.

"ఏం అరవై?"

"ఇక్కడ కరెంటు సెకనుకి అరవైసార్లు ఊగుతుందాంటీ. మన దగ్గర యాభై. మోటారు ఆ ఊపుని బట్టి తిరుగుతుంది. ఆ ఇనప డబ్బా వోల్టేజీని మారుస్తుంది గానీ ఊపుని మార్చదు. నేను యాభై వేసి లెక్క కట్టా. అరవై వేస్తే పద్ధెనిమిది వందలు. కాలేజీలో నాలుగేళ్లూ యాభయ్యే వేశాం. క్వశ్చన్ పేపర్‌లో ఇచ్చేవాళ్లు కూడా కాదు, చెయ్యే రాసేసేది. పదేళ్లనుంచి ఈ దేశంలో ఉన్నా, నాకు తోచనే లేదు." ఆగి, "మన గ్రైండర్ ఇక్కడ స్పీడ్‌గా తిరిగి పిండిని వేడి చేసింది. అంత వేడికి పులిపించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, పిండి పులవదు. అంతే," అన్నాడు.

"అయితే నా చెయ్యి?"

"మీ చేతికీ దీనికీ ఏం సంబంధం లేదు."

పద్మకి సంతోషం రావాలి. రాలేదు. దానికి ముందు ఇంకోటి వచ్చి నిలబడింది.

"ఇది నీకు శనివారమే తెలుసు."

అతను తన బూట్లవైపు చూసుకున్నాడు.

"ఇందాక లోపల మీ అక్క చదువుతుంటే విన్నావు. దోశ తిన్నావు."

"అందరి ముందూ ఫిజిక్స్ అని చెప్పానాంటీ. ఎలా చెప్పను? మెషిన్ బాగైతే చాలు, మెల్లిగా అన్నీ అవే సర్దుకుంటాయనుకున్నా."

"నువ్వు రాసింది టబ్బు మూతమీద బాబూ. తుడిస్తే పోయింది. నేను మూడు రోజులనుంచి నా మనవరాలికి ముద్ద పెట్టలేదు."

అక్షయ్ తలెత్తి చూశాడు. బ్యాడ్జి తీసి జేబులో పెట్టుకుని, ఆమెకంటే ముందు లోపలికి నడిచాడు.

లోపల అంతా చెప్పాడు. యాభై, అరవై, చక్రం. శశికళ విన్నది, విని నవ్వింది. "ఆంటీ బాధపడ్డారని చెప్తున్నావు కదూ. నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే."

"కాదక్కా, నిజం."

"మొన్న ఫిజిక్స్ అంటివి కదరా," అన్నాడు జగన్మోహన్. "ఇవాళ మారిందా?"

"ఫిజిక్స్ మారలేదు బావా. యాభై తప్పు."

"ఏమో. నేను కలిపాను, పొంగింది. కళ్లముందే ఉందిగా," అంది శశికళ. మొండితనంతో కాదు, నమ్మకంతో అంది. అది పద్మకి తెలుస్తోంది. ఇంత చదువుకున్న తమ్ముడు నిలబడి చెప్పినా ఈ మాట చెరగలేదు. ఇక ఎప్పటికీ చెరగదు.

"అమ్మా," అంది పద్మ. ఆ గదిలో తన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదామె. "పాత చక్రం అలమరలో ఉంది. రేపు ఒక్కరోజుకి అదే పెట్టించండి. ఒకే పప్పు, ఒకే బియ్యం. ఒక టబ్బు మీరు కలపండి, ఒకటి నేను కలుపుతాను."

"ఎందుకాంటీ ఇవన్నీ..."

"పెట్టియ్యుండ్రి మేడమ్," అన్నాడు అంజయ్య గుమ్మంలోంచి. "రెండు టబ్బులే గదా. ఖరాబైతే నేనే తింట."

*

మంగళవారం సాయంత్రం మోటారు మళ్లీ పాత గొంతుతో కూసింది. ఇద్దరాడవాళ్లూ పక్కపక్కన నిలబడి, మోచేతులదాకా చేతులు ముంచి కలిపారు. పద్మ గ్లౌజులు తీసేసింది. పిండి వేడిగా వేళ్లమధ్య పాకింది. శశికళ తన టబ్బు మూతకి పసుపుతో బొట్టు పెట్టింది, కళ్లు మూసుకుని ఒక్క క్షణం దండం పెట్టుకుంది.

బుధవారం పొద్దున అందరికంటే ముందు శశికళ వచ్చింది. అయినా మూత తీయలేదు. పద్మ వచ్చేదాకా ఆగింది. జగన్మోహన్, అంజయ్య చేరారు. ఆఫీసుకి వెళ్లేదారిలో అక్షయ్ ఆగాడు.

గదిలో వాసన లేదు. పద్మకి అప్పుడే తెలిసిపోయింది.

శశికళ ముందు పద్మ టబ్బు మూత తీసింది. పిండి పోసినచోటే ఉంది. పైన నీళ్లు తేరాయి. శశికళ అందరివైపూ ఒకసారి చూసి, పసుపు బొట్టున్న మూత ఎత్తింది.

అదీ అంతే. అదే బరువు, అవే నీళ్లు. రెండు మూతలూ పక్కన పెట్టేస్తే ఏది ఎవరిదో చెప్పడానికి లేదు.

శశికళ గరిటె ముంచింది. తీసి మళ్లీ ముంచింది. ఆమె గరిటె వదిలేసి తన కుడిచేతిని ఎత్తి చూసుకుంది. అరచెయ్యి చూసి, తిప్పి వెనక వైపు చూసింది. నడిచి సింకు దగ్గరికి వెళ్లి కడుక్కుంది. తుడుచుకుంది. మళ్లీ కొళాయి తిప్పి, సబ్బు తీసుకుని, వేళ్ల సందుల్లో రుద్దుకోసాగింది.

"అక్కా, నేను చెప్పాను కదా, అది మోటారు..." అన్నాడు అక్షయ్. ఆమెకి వినిపించలేదు.

పద్మ ఆ కడుక్కోవడాన్ని చూస్తూ నిలబడింది. అదెక్కడ మొదలవుతుందో, ఎంతకీ ఎందుకు ఆగదో ఆమెకి తెలుసు. ఒక్క మాట చాలు ఇప్పుడు. 'మరి ఇది ఎవరి చెయ్యమ్మా?' అని అడగడానికి నోటిదాకా వచ్చింది కూడా.

వెళ్లి కొళాయి కట్టేసింది. నీళ్లు కారుతున్న శశికళ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, చీర కొంగుతో ఒత్తి తుడిచింది.

"మీ చేతికేం కాలేదమ్మా," అంది. "చక్రం మార్చమనండి."

శశికళ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అక్షయ్ మోకాళ్లమీద కూర్చుని రెంచీ అందుకున్నాడు.